దూలానికి కట్టిన తొట్టెల

నా చిన్నప్పుడు పాత తాండూరులో మా ఇల్లు చూసినవాళ్ళంతా అది రాతి ఇల్లనే అనుకునేవారు. నిజానికి అది కట్టె ఇల్లు. మా ముత్తాత అనంతగిరి వైపు నుంచి బండ్ల మీద టేకు మొద్దులు తెప్పించి, రాతి దిమ్మెల మీద స్తంభాలు నిలబెట్టించాడట. పైన దూలాలు, వాసాలు కొయ్య చీలలతో బిగించాకే చుట్టూ రాయీ మట్టీ పెట్టి గోడలు లేపారట. ఈ సంగతి మా నాయనమ్మకు తప్ప ఎవరికీ పట్టలేదు. ఏటా గోడలకు సున్నం కొట్టుకుంటూ, ఆ గోడలే ఇల్లనుకుని బతికాం.

ఒక వానాకాలం ముసురు పట్టి విడవలేదు. నడింట్లో సందు వైపు గోడ నానీ నానీ ఒక పొద్దున కూలింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ మా అమ్మ గుండె చెదిరింది. తమ్ముడు అప్పటికి పసిగుడ్డు. మర్నాడే వాణ్ణి తొట్టెలలో వేసే వేడుక. మా ఇంట ఎవరు పుట్టినా తొట్టెల నడింటి దూలానికే కట్టేవారు. అమ్మ బట్టలు మూటగట్టి, యాలాల్‌లోని తల్లిగారింటికి పోతానని, మళ్ళీ ఈ గడప తొక్కనని కూర్చుంది. నన్ను తీసుకెళ్తుందో లేదో తెలియక నేను ఏడుస్తున్నాను. నాన్న అరుగు మీద కూర్చుని వాన చూస్తున్నాడు, అదేదో ఎన్నడూ చూడనట్టు.

"గీ దూలం కింద నా కొడుకును పండవెట్ట అత్తమ్మా," అంది అమ్మ.

నాయనమ్మ వాదించలేదు. పాత టేకు తొట్టెల తెచ్చి, కూలిన గోడ పక్కనే దూలానికి గొలుసులు తగిలించి, కుచ్చిళ్ళు ఎగదోపుకుని తనే అందులో ఎక్కి కూర్చుంది. ఆమె ఇద్దరి పెట్టు మనిషి. కాళ్ళు బయటికి వేలాడేసి నన్ను ఊపమంది. కళ్ళు తుడుచుకుని ఊపాను. గొలుసులు కిర్రుమన్నాయి గానీ దూలం ఉలకలేదు, పలకలేదు. సందులో పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు.

"గోడ పోతె మల్ల పెట్టుకుందం బిడ్డా. ఇంటిని మోసేది గోడ గాదు, గీ కట్టె. నేను ఊగంగ కూలనిది, నీ కొడుకు ఊగితె కూల్తదా?"

అమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. కానుపయ్యాక ఆమె నవ్వగా చూడటం నాకు అదే మొదలు. మర్నాడు గోడ ఉన్నచోట జంపఖానా కట్టి, తమ్ముణ్ణి అక్కడే తొట్టెలలో వేశారు.

ఇప్పటికీ ఏ ఇంటికి వెళ్ళినా ముందు తలెత్తి పైకప్పు చూస్తాను, అది అలవాటైపోయింది. మనసులో దిగిపోయింది మాత్రం వేరే. భయపడ్డ మనిషికి ధైర్యం చెప్పడం నాకు చేతకాదు. వాళ్ళు ఎక్కడికి రావడానికి భయపడుతున్నారో, ముందు నేనే వెళ్ళి అక్కడ కూర్చుంటాను.