సిరకూజాలో సగం వీధిలో నిలబడ్డ స్తంభం

సిరకూజా ప్రయాణం మా అన్నయ్య కల. ముప్పయ్యేళ్ళు మెల్‌బోర్న్‌లో వంతెనలు కట్టిన ఇంజనీరు ఆయన. సిసిలీ తీరంలోని ఆ ఊళ్ళో ఒక గ్రీకు గుడిని కూల్చకుండా, స్తంభాల మధ్య ఖాళీలను గోడలతో పూడ్చి చర్చిగా మార్చారట. దాన్ని వదినకు చూపించాలని భోజనాల దగ్గర ఎప్పుడూ చెబుతుండేవాడు. చూపించకుండానే గుండెపోటుతో పోయాడు. ఎనిమిది నెలల తర్వాత వదినా నేనూ బయల్దేరాం.

"వస్తాను గానీ రమా, గుళ్ళూ గోపురాలూ మాత్రం వద్దు. ఏటిసూతకం," అంది వదిన, మెల్‌బోర్న్ శివారు క్రాన్‌బర్న్‌లోని ఇంట్లో పెట్టె సర్దుతూ. పక్కవీధి అమ్మాయి గృహప్రవేశానికి పిలిస్తే అదే కారణం చెప్పి రానంది.

దోహాలోనూ రోమ్‌లోనూ విమానాలు మారి, మధ్యాహ్నానికి కటానియా చేరాం. విమానాశ్రయం బయటే సిరకూజా బస్సు దొరుకుతుంది. గంటంబావు ప్రయాణం. ఎట్నా అగ్నిపర్వతం వెనకబడిపోతుంది, ఎడమవైపు కూర్చుంటే సముద్రం అక్కడక్కడా పలకరిస్తుంది. వెనక సీట్లో సిడ్నీ కుర్రాడు కిరణ్, మా తెలుగు మాటలు విని ముందుకు వంగాడు.

"ద పాండ్స్‌లో ఉంటాం ఆంటీ. వెజ్ కావాలంటే స్పినాచ్ అరంచీనీ అడగండి. పులిహోరని ఉండ చేసి ఫ్రై చేసినట్టుంటది, బట్ ఉప్పూ కారం జీరో."

"ఉప్పూ కారం లేనిది పులిహోర ఎలా అవుతుంది బాబూ?" అంది వదిన. నెలల తర్వాత ఆమె నోట వేళాకోళం విన్నాను.

పాత ఊరు ఒర్తీజా ఒక చిన్న దీవి. వంతెన దాటగానే సందులు మొదలవుతాయి. సామాను లాక్కుంటూ నడిచాక మెట్లెక్కలేం కాబట్టి కింది అంతస్తులో గది తీసుకోవడం మేలు. సాయంత్రం అరెతూజా ఊట చూశాం. ఉప్పు సముద్రం పక్కనే మంచినీళ్ళు, అందులో బాతులు, పాపిరస్ దుబ్బులు. మర్నాడు ఉదయం పురావస్తు ఉద్యానంలో గ్రీకు రంగస్థలం, దాని దగ్గరే చెవి ఆకారపు గుహ. అందరూ కేకలేసి ప్రతిధ్వని వింటున్నారు. వదిన నెమ్మదిగా "ఏమండీ" అంది. గుహ ఆ పిలుపును పెద్దగా చేసి తిరిగిచ్చింది.

"పిలవగానే పలకడం ఇదే మొదటిసారి," అని నవ్వి, కళ్ళు తుడుచుకుంది.

మూడో రోజు ఆ చర్చికి వెళ్ళాం. దాని ముందు తెల్లరాతి చౌకు ఎండకు మెరిసిపోతోంది. వదిన బల్ల మీద కూర్చుండిపోయింది.

"గ్రీకుదేవత పోయి ఏసు వచ్చాడు, మధ్యలో మసీదుగానూ ఉంది. నీ మైల వీళ్ళలో ఎవరికి అంటుతుంది వదినా?"

"వాళ్ళలో వాళ్ళు తేల్చుకుంటారు. నేను రాను."

నాకు కోపం ఆగలేదు. "పోయింది ఒకే మనిషి. పెళ్ళై గోత్రం మారింది గనక తోబుట్టువునైన నాకు మూడు రోజులు, నీకు ఏడాది! దుఃఖాన్ని గోత్రంతో కొలిచే ఆ లెక్క ఎవడు రాశాడు?"

"ఉపన్యాసం అయిందా? వెళ్ళి చూసిరా, చెబుదువుగాని."

టికెట్ కొని ఒక్కదాన్నే వెళ్ళాను. గోడల్లోంచి పొడుచుకొచ్చిన లావుపాటి స్తంభాలు, భూకంపాలకు కాస్త పక్కకు ఒరిగినవి. అన్నయ్య ఉంటే ఒక్కోదాని దగ్గర అరగంట ఆగేవాడు. నాకు చూడబుద్ధి కాలేదు.

బయటికొస్తే బల్ల ఖాళీ. కంగారుగా వెతికితే పక్కసందులో కనబడింది, చర్చి గోడకు అరచెయ్యి ఆనించి.

"నీడకని ఇటొచ్చాను. చెయ్యి ఆనించాక చూశాను రమా, ఇది గోడ కాదు, స్తంభం. మీ అన్నయ్య చెప్పిన స్తంభమే కదూ?"

అదే. గోడ బయటికీ స్తంభాలు కనబడతాయి.

వదిన దాన్ని పైనుంచి కింది దాకా చూసింది. "సగం వీధిలో ఉంది, సగం గుళ్ళో ఉంది. ఇటు సగాన్ని ముట్టేసుకున్నాను. మైల అంటేదైతే ఈపాటికి అటు సగానికీ అంటేసింది. ఇంకా బయట నిలబడి ఎవర్ని కాపాడతాను? పద."

ఆచారాల మీద ఎన్ని సభల్లో వాదించినా ఇంత బిగువైన తర్కం నాకు తోచలేదు. మరో టికెట్ కొన్నాను. లోపల వదిన ప్రతి స్తంభాన్నీ ముట్టుకుంది. ఒరిగిన స్తంభం దగ్గర ఆగి, "పడలేదు చూడు," అంది.

తిరుగు బస్సులో మళ్ళీ కిరణ్. "ఏది బెస్ట్ ఆంటీ?" అన్నాడు. గుహా, ఊటా, మంచుపొడిలాంటి బాదం గ్రనీటా అన్నీ బాగున్నాయంది వదిన. స్తంభం మాట ఎత్తలేదు.

నన్నడిగితే, సిరకూజాకు నాలుగు రోజులు చాలు. కూల్చకుండానే పాతదాన్ని మార్చవచ్చని అక్కడి రాళ్ళు చూపిస్తాయి. కూల్చడమే తెలిసిన నాలాంటివాళ్ళు తప్పక చూడాలి.

మెల్‌బోర్న్‌లో దిగుతుండగా బెల్టు పెట్టుకుంటూ వదిన అడిగింది. "ఆ పక్కవీధి అమ్మాయి గృహప్రవేశం వచ్చే ఆదివారమేగా?"

"రానన్నావుగా?"

"గడప దాకా వెళ్దాం. గడప కూడా సగం వీధిలోదే."