నాన్న నమ్మిన ఆల్రెడీ

దగ్గరికి జరిగి కూర్చోండి, గట్టిగా చెప్పుకునే సంగతి కాదిది. ఆ రోజుల్లో మా ఊళ్ళో ఇంగ్లీషు మాటకి ఉన్న మర్యాద ఇంటల్లుడికి కూడా లేదు. నేను మూడో తరగతితో బడి మానేశాను (బడే నన్ను మానేసిందని మా నాన్నమ్మ అనేది). మేనత్త కొడుకు, మా బావ, గుంటూరు బ్రాడీపేటలో గది తీసుకుని చదువుకునేవాడు. సెలవులకొచ్చినప్పుడు నాకు ‘ఆల్రెడీ’ అనే మాట నేర్పాడు. “పని ముందే అయిపోతే అనాలే పిల్లా. అయ్యాకే సుమా!” అని వేలు ఊపి మరీ చెప్పాడు. నాకు మాట గుర్తుంది, వేలు మర్చిపోయాను.

“నీళ్ళు తోడావా?” “ఆల్రెడీ!” “గేదెకి కుడితి పెట్టావా?” “ఆల్రెడీ!” అనెయ్యడం, వెంటనే పరిగెత్తి ఆ పని చేసెయ్యడం. ఎప్పుడూ పట్టుబడలేదు. “ఇదేం మాయదారి మాటే, అది విన్నాక మళ్ళీ అడగబుద్ధి కాదు” అని నాన్నమ్మ బుగ్గలు నొక్కుకునేది.

ఒక ఏడు వేసవి మొదట్లో, ఇంటి వెనక కల్లంలో మిరపకాయ ఎండుతోంది. మా ఏడాది బతుకంతా అదే. మధ్యాహ్నం మబ్బు పట్టింది. నాన్న కాయను రాశి పోసి, బరకం కప్పమని నాకు చెప్పి, ఎడ్ల కోసం పొలం వెళ్ళాడు. నేనేమో అరుగు మీద గచ్చకాయల ఆటలో ఉన్నాను, గెలిచేటట్టున్నాను కూడా. నాన్న తిరిగొస్తూ వీధిలోంచే కేకేశాడు. “అమ్మాయ్, రాశి కప్పావా?” “ఆల్రెడీ నాన్నా!” ఆయన నిశ్చింతగా ఎడ్లు కట్టెయ్యడానికి కొట్టంలోకి వెళ్ళాడు. నేను లేచి పరుగెత్తేలోపే కుండపోత. నాన్నమ్మ తన దుప్పటి పట్టుకుని ఉరికింది. సెలవులకొచ్చి ఉన్న బావ ఇస్త్రీ చొక్కా విప్పి రాశి మీద పరిచాడు (పాపం, దాని కింద ఎన్ని కాయలు దాక్కుంటాయి!). నాన్నా నేనూ బరకం లాగేసరికి పైకాయంతా నానిపోయింది.

తరవాత వారం రోజులు అందరం కూర్చుని ఎర్రకాయ ఒకపక్కకి, రంగు పోయిన తాలుకాయ ఒకపక్కకి ఏరాం. నాన్న తిట్టలేదు. తిడితే బాగుండేది. తాలు కుప్ప పెరుగుతుంటే ఒకసారి మాత్రం తలెత్తి, “ఇంగ్లీషు మాటలో అబద్ధం పట్టదనుకున్నానమ్మా” అన్నాడు. మిరప ఘాటుకే నా కళ్ళు కారుతున్నాయని అందరూ అనుకున్నారు. నేనూ అలాగే చెప్పాను.

మళ్ళీ నా నోట ఆ మాట రాలేదు. చాలా ఏళ్ళకి, నాన్న మంచాన పడ్డాక, ఒకరోజు “అన్నం తిన్నావా నాన్నా?” అనడిగాను. ఆయన కళ్ళతోనే నవ్వి, “ఆల్రెడీ” అన్నాడు. నేను వెళ్ళి గిన్నె మూత తీసి చూశాను. పెట్టిన అన్నం పెట్టినట్టే ఉంది. తెచ్చి పక్కన కూర్చుని కలిపి పెట్టాను. చిన్నపిల్లాడిలా తిన్నాడు. ఇప్పటికీ మిరపకాయ తొడిమ తీస్తుంటే, ఆ గచ్చకాయల పిల్ల గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకుంటాను.

మీ ఇంటి పంట తడవకుండా గూడు చేరాలి, మీ గిన్నెల మూతలు తీసి చూసేవాళ్ళు మీ ఇంట ఎప్పుడూ ఉండాలి, చల్లగా ఉండండి.