తస్లీమ్ కళ్లలో నలుసులు

తస్లీమ్ కోడలిగా గౌడవెల్లికి వచ్చిన రోజుల్లో ఆ ఇంటి సాయంత్రాలకు కొత్తిమీర వాసన ఉండేది. మామ అమీర్ అలీ కౌలు మడి నుంచి తడితడిగా మోసుకొచ్చిన ఆకును వాకిట్లో గోనెపట్టా మీద పోసేవాడు. అత్త ఖైరున్నీసా, భర్త షారుఖ్, మామ, తను దాని చుట్టూ కూర్చుని తెల్లారి మేడ్చల్ మార్కెట్‌కు పోవలసిన కట్టలు కట్టేవారు. వేళ్లు తమ పని తాము చేసుకుపోయేవి. మాటలు ఎక్కడెక్కడో తిరిగొచ్చేవి.

"నీ కట్ట సూడు, నడుమే లేదు," అనేది అత్త.

"మీ కొడుకును సూసి కట్టిన అమ్మీ."

షారుఖ్ నవ్వు ఆపుకోలేక ఏరిన ఆకంతా చెదరగొట్టేవాడు.

మందుల ఫ్యాక్టరీలో చేరిన కొత్తలో అక్కడి విసుగంతా తస్లీమ్ ఆ పట్టా మీదే దులిపేసేది. ఆమె పని మందుసీసాలు చూడడం. దీపం కింద ఒక్కో చిన్న సీసాను తిప్పి, నల్ల అట్ట ముందు ఒకసారి, తెల్ల అట్ట ముందు ఒకసారి పట్టి, మందులో నలుసు తేలుతోందేమో వెతకాలి. ఉంటే పక్కన పెట్టాలి. ఎనిమిదేళ్లుగా ఆ వరుసలో ఆమె కళ్లకు పేరు.

మధ్యలో ఆ మడిలో ప్లాట్ల వెంచర్ హద్దురాళ్లు పాతారు. కొత్తిమీర ఆగిపోయింది, పట్టా మడతపడింది. మామ సాయంత్రాలు మసీదు అరుగు మీదికి, షారుఖ్ ఫోన్‌లోకి, అత్త టీవీ ముందుకు వెళ్లిపోయారు. తస్లీమ్ ఇంటికి రాగానే కళ్ల మీద చున్నీ కప్పుకుని గోడవైపు తిరిగి పడుకునేది. అలసటకు అదే మందనుకుంది. చున్నీ కింది చీకట్లోనూ చుక్కలు తేలుతూనే ఉండేవి. వాటి మధ్య ఒక్కోసారి పచ్చి ఆకు వాసన తగిలి, పట్టా చుట్టూ నాలుగు జతల మోకాళ్లు కనిపించేవి.

ఈ ఏడాదీ ఫ్యాక్టరీలో కళ్ల పరీక్ష వచ్చింది. ఏటా ఉండేదే. మంచి సీసాల్లో నలుసులున్నవి కొన్ని కలిపి ఇస్తారు, ఏరాలి. తస్లీమ్ చెడ్డవన్నీ పట్టుకుంది. వాటితోపాటు మంచివి పద్దెనిమిది పక్కన పెట్టింది.

"ఇదేంది తస్లీమ్? దీంట్ల ఏమున్నది?" సూపర్‌వైజర్ ధరణి ఒక సీసా ఎత్తి చూపింది.

"నలుసు మేడం."

"నాకైతే ఏం కనవడ్తలేదు. శనివారం మళ్ల పరీక్ష. గప్పుడు గూడ గిట్లనే అయితే నిన్ను ఈ పనిల ఉంచరు."

ఆ మాట తస్లీమ్ ఇంట్లో చెప్పలేదు. శుక్రవారం సాయంత్రం అత్త మంచినీళ్లిస్తే, గ్లాసును బల్బు వైపు ఎత్తి తిప్పి, పారబోసింది. ఇంకో గ్లాసు ఇస్తే అదీ పారబోసింది.

"ఏంది, నా చేతులు గలీజున్నయా?" అంది ఖైరున్నీసా.

"గది కాదమ్మీ..." తస్లీమ్ ఖాళీ గ్లాసును కింద పెట్టింది. "నాకు అన్నిట్ల నలుసే కనవడ్తాంది. రేపు పరీక్ష. నౌకరి పోయేటట్టున్నది."

షారుఖ్ ఫోన్ పక్కన పెట్టాడు. "మాకెందుకు జెప్పలే?"

"ఎప్పుడు జెప్పాలె? ఎవరి మూల వాళ్లకున్నది."

అత్త టీవీ ఆపేసి వచ్చి ఆమె పక్కన కూర్చుంది.

"ఎనిమిదేండ్లల ఎన్నడన్న అలిసిన అన్నవా ఆడ?"

"లే. నా కండ్లకు పేరున్నది గద."

"పేరు కోసం కండ్లు పోగొట్టుకుంటవా? పాగల్!"

మామ కూడా వచ్చి చేరాడు. వడ్డించిన అన్నం చల్లారేదాకా నలుగురూ మాట్లాడుకున్నారు.

శనివారం తస్లీమ్ పరీక్ష బల్ల దగ్గర కూర్చోలేదు.

"మేడం, నా కండ్లు అలిసినయ్. నెల దినాలు డబ్బాలు సర్దే కాడ ఎయ్యుర్రి. గప్పుడు పరీక్షకు కూసుంట."

ధరణి పరీక్ష సీసాలను పక్కకు జరిపింది. "గప్పటిదాంక నీ కుర్చీ ఖాళీగ ఉంచుడు కాదు మల్ల."

"ఉంచకుర్రి మేడం," అంది తస్లీమ్.