బేరం లేకుండా పోయిన బొమ్మ

జ్యోతినగర్‌ల కరెంటు ప్లాంటు క్వార్టర్‌కు కాపురానికొచ్చిన కొత్తలో నాకు పుట్టింటి కన్న ఎక్కువ యాదికొచ్చింది బేరం. గోదావరిఖనిలో మా నాయినది కిరాణం దుకాణం. పొద్దంత ఒకటే లొల్లి. ఇయ్యనంటే ఇయ్యననుడు, అలిగి పోయినోళ్లను మళ్ల పిలుసుడు. ఇక్కడ కూరగాయలాయన ధర చెప్తే చాలు, ఇంజనీర్ల ఇంటోళ్లు పైసలిచ్చి తలుపులు వేసుకునేది. మా ఆయన షిఫ్టు నుంచి వచ్చి పడుకునేది, లేచి షిఫ్టుకు పోయేది. నా గొంతు నేను విని ఎన్నాళ్లయిందో.

అప్పుడు మా దుకాణంలోని మైనం ముద్ద మనసులో మెదిలింది. ఎండాకాలం అది మెత్తబడి, మీద పడ్డదాన్నల్లా పట్టుకునేది. మేకులు, కందిపప్పు, ఎవరో పిల్లగాని గోళీ. అట్ల అన్నీ అంటుకున్నదాన్ని ఎవరూ కొనలే. నాకు మాత్రం చూస్తూ కూసుంటే పొద్దు తెలిసేది కాదు.

ఇంటికాడి నుంచి మైనం తెచ్చుకున్న. వత్తుల స్టవ్ మీద డబ్బాలో కరిగించి, కొంతదాంట్లో నీలిమందు, కొంతదాంట్లో బొగ్గుపొడి కలిపి, చెక్క మీద కుంచెతో పూసిన. అది మెత్తగ ఉండంగనే పాత వస్తువులు అదిమి, కాల్చిన గరిటెతో చుట్టూ సాపు చేసేది. వస్తువుల కోసం బస్సెక్కి గోదావరిఖనిలో పాత సామాన్లు అమ్మే చాచా దగ్గరికి పోయేది.

"చాచా, ఈ చెవికి తాళమే లేదు. దీనికొక ధరా?"

"తాళం ఉంటే ఒకటే తలుపు తెరుస్తది బేటీ. లేదు గాబట్టి ఏ తలుపన్న అనుకో."

"మరి తుప్పు సంగతేంది? అది గూడ అమ్ముతున్నవా?"

"తుప్పు ముఫ్త్. నీకు గాబట్టి."

చాయ్ తాగి, అలిగి రోడ్డు దాక పోయి, పిలిపించుకొని వచ్చి కొన్న.

బొమ్మ తయారైంది. నడుమ గనిలో తలకు పెట్టుకునే లైటు అద్దం పెంకు, చుట్టూ గడియారం చక్రాలు, గాజుముక్కలు, అడుగున ఆ చెవి. ముందుగదిలో తగిలించిన. పక్క క్వార్టర్ ఆమె తోడుకు పెరుగు అడగొచ్చి, దాని ముందట నిలబడ్డది.

"బావుందండీ. అమ్ముతారా?"

ఎవరూ ఒప్పుకోని ధర చెప్పిన. ఆమె గయ్యిమనాలె, నేను అద్దం గొప్ప చెప్పాలె, ఆమె గడప దాటాలె, నేను వెనకకు పిలిచి చాయ్ పొయ్యాలె. చూసుకుంటే సాయంత్రం దాక మాటలే. ఆమె నోరు తెరిచేలోపల్నే నేను పాలు పొయ్యి మీద పెట్టిన.

"సరేనండీ," అని ఇంటికి పోయి, పైసలు తెచ్చి చేతిలో పెట్టి, బొమ్మను చంకలో పెట్టుకొని పోయింది. వింటే మా నాయిన భుజం తట్టేటోడు. గోడకు మేకు మిగిలింది. చాయ్ ఒక్కదాన్నే తాగిన.

ఎండలు ముదిరినంక ఆమె మళ్ల వచ్చింది, చేతిలో బొమ్మ. అద్దం, చక్రాలు, చెవి అన్నీ జారి అడుగున కుప్పపడ్డయి. మైనం అమ్మే ఇంట్ల పుట్టి, ఎండకు మైనం ఏమైతదో మరిచిన తెలివి నాది. అయినా లోపల సంబరమే. ఇగ జగడమన్న పెట్టుకుంటది!

"పైసలు వాపస్ ఇయ్యను," అన్న, ఆమె అడగకముందే. "ఎండ నాదా?"

"అయ్యో, డబ్బులెందుకండీ. పిల్లలకు గాజు గుచ్చుకుంటుందని తెచ్చా. మీరే ఉంచుకోండి."

"కూసోండ్రి, చాయ్ పెడత."

"పనుందండీ."

ఇత్తడి బొమ్మలు పోసేటోళ్లు మా దుకాణంలో మైనం, గుగ్గిలం రెండూ కొనేది. గుగ్గిలం కలిస్తే మైనం గట్టిపడి ఎండకు ఆగుతది. అది యాదికొచ్చి, పూజ అల్మారలో నుంచి గుగ్గిలం పొట్లం తీసిన. విప్పి, చూసి, మళ్ల కట్టి అక్కడనే పెట్టిన.

పిల్లలున్న ఇల్లని గాజు అంచులు నున్నగ అరగదీసిన. వట్టి మైనంతోనే అన్నీ మళ్ల అతికించి, ఆమె ఇంట్ల ఇచ్చి వచ్చిన.

ఇగ అది మళ్ల కరిగేదాక ఆగాలె.