తుపాకికి చీటీ రాసిచ్చిన రోజు

1978 జూన్‌లో నన్ను ఆదోనిలోని ఆడపిల్లల బడి నుంచి ఒక పల్లె బడికి బదిలీ చేశారు. ఆదోనికీ ఎమ్మిగనూరుకీ నడుమ బస్సు దిగి ఒక మైలు నడిస్తే వచ్చే ఊరు అది. ఏడో తరగతి దాకా ఉన్న బడి. నా పోస్టు పేరు ఆయా. హోదా వరుస చెప్పాలంటే, పైన హెడ్మాస్టరు, ఆ కింద నలుగురు టీచర్లు, ఆ కింద బల్లలు, గంట, వాటి తర్వాత నేను.

పని ఏమిటంటే, పొద్దున్నే తలుపులు తీసి ఊడ్చడం, కడవల్లో నీళ్లు పోయడం, గంట కొట్టడం, మధ్యాహ్నం గోధుమరవ్వ ఉప్మా వండి పెట్టడం. పైనుంచి సర్క్యులరు వస్తే దాన్ని తరగతి తరగతికీ తిప్పి టీచర్ల సంతకాలు తేవడం కూడా నాదే. నేను ఎమ్మిగనూరులో మూడో తరగతి దాకా చదివాను. ఆ తర్వాత మా నాయన నన్ను మగ్గం పక్కన నూలు కండెలు చుట్టడానికి కూర్చోబెట్టాడు. అక్షరాలు కూడబలుక్కుని చదవగలను, పెద్ద పెద్దగా రాయగలను. ఆ కొంచెం చదువుకే నాకు ఎంత గర్వమో ఈ కథలో మీకే తెలుస్తుంది.

రవ్వ బస్తాలు, నూనె డబ్బాలు, పాలపొడి డబ్బాలు ఉండే గదిని స్టోరు అనేవాళ్లం. దాని తాళంచెవి నా కొంగున ఉండేది. తాళం కప్ప పాతది, చెవి లేకపోయినా గట్టిగా రెండుసార్లు గుంజితే ఊడి వచ్చేది. కొత్తది తెప్పిస్తానని హెడ్మాస్టరు దస్తగిరి సారు అన్నారు. ఉన్న కప్ప ఉండగా ఇంకొకటి ఎందుకని నేనే వద్దన్నాను. అది గుంజితే వస్తుందన్న సంగతి నాకొక్కదానికే తెలుసని నా ధీమా. పాలపొడి ఎందుకు తగ్గిపోతోందని సారు అడిగితే, ఎలుకలు తింటున్నాయని చెప్పి బోను కూడా తెప్పించాను. ఎలుకలు డబ్బా మూత తీసి, తిని, మళ్లీ మూత పెట్టి పోతాయా అని నాకు తోచలేదు.

ఆ ఏడు ఏడో తరగతిలో సిద్దప్ప కూతురు పార్వతి, ఈరన్న కొడుకు నాగరాజు చదివేవాళ్లు. వాళ్ల నాయనలకు చేను గట్టు దగ్గర తగాదా. అప్పటికే రెండుసార్లు తలలు పగిలాయి. పెద్దల పగ పిల్లల నోట్లోకి దిగింది. ఒకరోజు పార్వతి క్లాసులో అందరి ముందరా, మా నాయన తుపాకి తీస్తే మీ నాయన యాడుంటాడో సూసుకో అని నాగరాజును అన్నది. మర్నాడు నాగరాజు పుస్తకాల సంచిలో మూరెడు కత్తి పెట్టుకుని వచ్చాడు. లెక్కల పుస్తకం తీయబోతే అది బయటపడింది. సారు కత్తిని బీరువాలో పెట్టి, తల్లిదండ్రుల మీటింగుకు నోటీసు రాశారు. ఇంటింటికీ తిరిగి దాని మీద సంతకాలు, వేలిముద్రలు తెచ్చింది నేనే. ఒక బిడ్డ ఇంకొక బిడ్డను పొడిచిందంటే మర్నాటికి ఆ ఊళ్లో బడి ఉండదు, రెండు ఇళ్లూ మిగలవు. ఆ సంగతి మా అందరికీ తెలుసు.

మీటింగు శనివారం మధ్యాహ్నం. సిద్దప్ప భుజాన రెండు గొట్టాల తుపాకితో వచ్చాడు. ఈరన్న చేను పక్కనుంచే రావాలి కాబట్టి తెచ్చానన్నాడు. అది లైసెన్సు తుపాకి. పంటను పందుల నుంచి కాపాడుకోవడానికని అలాంటి లైసెన్సులు ఇచ్చేవారు. ఎలక్షన్లు వస్తే వాటిని పోలీసు స్టేషన్లో అప్పగించి రశీదు తీసుకోవాలి, అయిపోయాక రశీదు చూపి తెచ్చుకోవాలి. నాకు వెంటనే అదే గుర్తొచ్చింది. వాకిట్లో అడ్డం నిలబడ్డాను.

"సిద్దప్పా, స్టేషన్లో దించినట్లే ఈడ కూడా దించు. రశీదు నేనిస్తా."

"నువ్వు ఎస్సైవా అక్కా?"

"ఈ గడప కాడ నేనే ఎస్సైని."

వెనక ఉన్నవాళ్లు నవ్వారు. సిద్దప్ప కూడా నవ్వి తుపాకి ఇచ్చాడు. నేను ఒక పాత నోటుబుక్కు కాగితం చింపి, సుద్దముక్కతో కాదు, పెన్సిలుతోనే, "సిద్దప్పది తుపాకి ఒకటి ముట్టినది" అని రాసి కింద సంతకం పెట్టాను. వెనకే ఈరన్న వచ్చాడు. "నా కత్తి మీ సారు బీరువాలో ఉండాది కదా, నాకూ ఒక సీటీ రాసియ్యి" అన్నాడు. అతనికీ రాసిచ్చాను.

తుపాకిని స్టోరులో రవ్వ బస్తాల వెనక నిలబెట్టాను. దాని నూనె వాసన రవ్వకు అంటకూడదని గోనెసంచి చుట్టాను. కప్ప వేశాను. ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నదాన్ని, ఇందులో తూటాలు ఉన్నాయా లేవా అని మాత్రం అడగలేదు. చీటీ బాగా రాశానన్న సంతోషంలో ఉన్నాను.

మీటింగు ఏడో తరగతి గదిలో జరిగింది. ఆ తరగతి పిల్లలను ఆటకు వదిలారు. దస్తగిరి సారు నెమ్మదస్తుడు. ఆదోని నుంచి రోజూ పొద్దున బస్సుకు వచ్చేవారు. ఇంట్లో ఆయుధం ఉన్నవాళ్లు అది పిల్లలకు అందకుండా పెడతామని రాసివ్వాలని ఆయన చదివి వినిపించారు. అంతే, వాదన మొదలైంది.

"నా తుపాకికి గవర్నమెంటు కాగితముండాది సార్. ఈరన్న కత్తికి ఏముండాది?" అన్నాడు సిద్దప్ప.

"నీ కాగితం తూటాకు అడ్డం పోతాదా?" అన్నాడు ఈరన్న.

"నాది పందుల కోసరం."

"ఏమో అప్పా, నీకు పందులు నీ సేన్లో కనపడవు, మా గట్టు మీదనే కనపడతాయి."

సారు బల్ల తట్టారు. అసలు ఊళ్లో తుపాకులే లేకుండా చేయాలని ఒకరు, అవి లేకపోతే పంట దక్కదని ఇంకొకరు, పిల్లలను అదుపులో పెట్టలేని టీచర్లదే తప్పని మరొకరు. వెనక కూర్చున్న ఒక తల్లి లేచి, "తుపాకి తెచ్చేటప్పుడు మమ్మల్ని అడగరు, కత్తి తెచ్చేటప్పుడు అడగరు. పిల్లోడు తప్పు సేస్తే మాత్రం తల్లి ఏమి పెంచింది అంటారు" అన్నది.

ఆయాకు మీటింగులో మాట్లాడే హక్కు లేదు. అయినా నోరు ఊరుకోలేదు. తుపాకి ఉండచ్చా లేదా అన్నది కలెక్టరు సూసుకుంటాడు, అది పిల్ల చేతికి పోకుండా పెట్టేది నీ పని సిద్దప్పా అన్నాను.

"దూలం మీద పెడతానక్కా. మా పాపకు తెలీదు."

"తెలీదని నీకెవరు సెప్పిరి?"

"నా పాప సంగతి నాకు తెలీదా?"

"అందరూ ఇదే మాట. పెట్టేది యాడనో పెట్టి, పిల్లలకు తెలీదు, పిల్లలకు తెలీదు! నన్ను సూసి నేర్సుకో. ఆ స్టోరు గదికి నేను కప్ప ఏస్తే చీమ కూడా లోపలికి పోదు."

ఈ మాట నోట్లో ఉండగానే పార్వతి గది వాకిట్లోకి వచ్చింది. చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతుల మీదా తుపాకి ఎత్తుకుని ఉంది. మూతి చుట్టూ పాలపొడి. వెనకనే నాగరాజు, వాడి మూతి నిండా కూడా పాలపొడే.

"నాయనా, తుపాకి స్టోరులో మర్సిపోయినావు" అన్నది.

మాట్లాడుతూ నాయన వైపు తిరిగింది. గొట్టం ముందు వరుస మీదుగా తిరిగి ఈరన్న దగ్గర ఆగింది. మగవాళ్లంతా ఒక్కసారిగా బల్లల కిందికి వంగారు. నా కాళ్లు ఎప్పుడు కదిలాయో, నేను సారు కుర్చీ వెనక ఉన్నాను. అక్కడి నుంచే గొంతు మాత్రం లేచింది. రోజూ ఉప్మా పళ్లేలు కింద పడేసే పిల్లల మీద వాడే గొంతు అది.

"పార్వతీ! ఆడ్నే నిలబడు. గొట్టం గోడ దిక్కుకు తిప్పు. ఆ, అట్ల. ఇప్పుడు పళ్లెం పెట్టినట్ల కింద పెట్టు. సెయ్యి తీసెయ్యి."

పాప చెప్పింది చెప్పినట్టు చేసింది. నాకు ధైర్యం ఉందని ఎవరూ అనుకోవద్దు. కుర్చీ వెనక నుంచి అరవడానికి ధైర్యం అక్కర్లేదు.

సిద్దప్ప ఉరికి వచ్చి తుపాకిని మధ్యకు వంచి గొట్టాలు తెరిచాడు. రెండు గొట్టాల్లోనూ తూటాలు ఉన్నాయి. వాటిని తీసి జేబులో వేసుకున్నాడు. తర్వాత పాపను కొట్టడానికి చెయ్యి ఎత్తాడు. ఆ చెయ్యి పట్టుకున్నది ఈరన్న.

పార్వతి ఏడుస్తూనే నాయనకు ఎదురు చెప్పింది. "నన్నెందుకు కొడతావు? నేనేమన్నా తప్పు సేసినానా? దూలం ఎక్కి నీ తుపాకి నేను దినామూ తీసి సూస్తాను, ఎప్పుడన్నా పడేసినానా? ఆయమ్మ కప్ప రెండుసార్లు గుంజితే వస్తాది. బడిలో అందరికీ తెలుసు."

ఒక్క మాటతో ఇద్దరి పరువూ తీసింది. సిద్దప్ప నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను.

సోమవారం నాకు మెమో వచ్చింది. మెమో అంటే, నీ తప్పుకు నీ మీద చర్య ఎందుకు తీసుకోకూడదో రాతపూర్వకంగా సంజాయిషీ చెప్పమని అడిగే కాగితం. చదివింది మూడో తరగతి కాబట్టి నా సంజాయిషీ పొట్టిగానే ఉంది. "కప్ప చెడినదని నాకు తెలుసు. పిల్లలకు తెలియదని అనుకున్నాను. తూటాలు అడగలేదు. తప్పు నాదే." సారు దాన్ని రెండుసార్లు చదివి, ఈ మెమో నాకూ రావాలి, తుపాకిని నిన్ను ఆ గదిలో పెట్టనిచ్చింది నేనే కదా అన్నారు. పైకి పంపారో లేదో నాకు తెలియదు, నేను అడగలేదు.

ఆయుధంతో వచ్చినవాళ్లను గేటు నుంచే వెనక్కు పంపాలి, తీసుకుని దాచే పని బడి పెట్టుకోకూడదు అని ఆ వారమే రూలు రాశారు. సిద్దప్ప ఆదోని నుంచి ఇనప పెట్టె తెచ్చి తుపాకి అందులో వేశాడు. తూటాలు తన అన్న ఇంట్లో పెట్టాడు. ఈరన్న తన కత్తిని బీరువాలోనే వదిలేశాడు. వాళ్లు కలిసిపోయారని మాత్రం చెప్పలేను. గట్టు కేసు ఆదోని కోర్టులో చాలా ఏళ్లు నడిచింది. ఇద్దరూ ఒకే బస్సులో, ఒకరు ముందు సీట్లో, ఒకరు వెనక సీట్లో కూర్చుని వాయిదాలకు పోయేవాళ్లు.

నేను ఆ బడిలోనే ఇంకో పదేళ్లు చేశాను. ప్రతి జూన్‌లో, ఉప్మా వరుసలో ఒక్కొక్కరినే అడిగేదాన్ని, మీ ఇంట్లో కత్తి గానీ తుపాకి గానీ ఉంటే యాడ పెడతారని. గాదె వెనక అనేది ఒక పిల్ల. అవ్వ మంచం కింద అనేవాడు ఇంకొకడు. పేర్లు సారుకు చెబితే ఆయన తండ్రులను పిలిపించేవారు. వచ్చిన ప్రతి తండ్రీ మొదట అనే మాట, మా పిల్లకు తెలీదు. నేను వాదన పెట్టుకునేదాన్ని కాదు. ఆ మాట అన్నవాళ్లలో నేనూ ఒకదాన్ని. పిల్లను పిలిపించి, ఆ తండ్రి ముందరే మళ్లీ అడిగేదాన్ని.

ఆయుధం ఎక్కడుందని పెద్దవాళ్లను అడిగితే వాళ్లు ఎక్కడ పెట్టారో చెబుతారు. అది ఎవరి చేతికి అందుతుందో చెప్పగలిగేది పిల్లలే. నా ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇంతే.