ముందటి ఇరుసు

మా అమ్మ రెండేళ్లుగా ఇప్పపువ్వు ఏరలేదు. మోకాళ్లు అరిగిపోయాయి. మా ఇప్పచెట్లేమో ఊరి అవతల, వాగు దాటి రెండు మైళ్లు నడవాలి. ఒకసారి మోటార్‌సైకిల్ మీద తీసుకెళ్లబోయి వాగు ఒడ్డున ఇద్దరం పడ్డాం. ఆ తర్వాత ఆమె దాని వంక చూడటమే మానేసింది. పువ్వు రాలే రోజుల్లో మాత్రం ఇంకా అందరికంటే ముందే లేచి, గంప పక్కన పెట్టుకుని అరుగు మీద కూర్చునేది. పక్కింటివాళ్లు మా వాటా తెచ్చి ఇస్తే ఆకులున్నాయని, మట్టి ఉందని వంకలు పెట్టేది. ఆ వంకలు వింటే నాకు కోపం ముంచుకొచ్చేది. అసలు సంగతి తెలుసు కాబట్టి కాసేపటికి ఏడుపు కూడా వచ్చేది.

ఆ ఏడు పువ్వు రాలేలోపు ఎడ్లబండి చేయిస్తానన్నాడు నాయన. జీపు ఇరుసు, రబ్బరు టైర్లు వేస్తే అమ్మకు కుదుపు తగలదు. వయసులో ఉన్నప్పుడు ఆయన భోపాల్‌పట్నం నుంచి బీజాపూర్‌కు జీపు తోలేవాడు. లోపల పదిమంది, పైన ఆరుగురు, వెనక వేలాడేవాళ్లు లెక్కలోకి రారు. మొదట ఒక పాత జీపు, అది అమ్మేశాక ఇంకొకటి. రెండూ చివరికి బీజాపూర్‌లో పాత ఇనుము కొనే కబాడీ దగ్గరికే చేరాయి. ఆ ఊరికి ఏ పని మీద వెళ్లినా మొదటి జీపును ఒకసారి చూసి వచ్చేవాడు. మా అక్కను ఇచ్చిన ఊరికైనా ఇన్నిసార్లు పోలేదని అమ్మ ఎత్తిపొడిచేది.

అప్పుడే ఆయనకు కంటి ఆపరేషన్ అయింది. కొన్నాళ్లు దుమ్ములో తిరగొద్దన్నారు. అందుకని నన్ను పంపాడు.

"ముందటిదే తీస్కరా బిడ్డా. వాడు వేరేది అంటగడ్తడు, వద్దను. ముందటిదే గావాలె."

కబాడీ ఆయనకు తెలుగు రాదు. నేను హిందీలో "మా జీపుది, ఆగే వాలా" అన్నాను. "పక్కా ఆగే వాలా, దీదీ?" అని ఆయన రెండుసార్లు అడిగాడు. ఆడమనిషికి ఇనుము సంగతి తెలియదనుకుంటున్నాడని నాకు మండింది. పక్కా అన్నాను. ఆయన ముగ్గురు మనుషులను పెట్టి బయటికి లాగించాడు. పికప్‌లో వేయించుకుని, ఏదో గెలిచినట్టు ఇంటికొచ్చాను.

నాయన నల్లద్దాలు పెట్టుకునే దాని పక్కన కూర్చుని చివర పట్టుకుని తోశాడు. అది తలుపులాగా పక్కకి తిరిగింది.

"ఏంది బిడ్డా ఇది? ముంగల చక్రాలది తెచ్చినవ్."

"నువ్వే గద నాయనా ముందటిది అన్నవ్."

"ముందటి జీపుది అన్న."

మాకు ముందటిది అంటే ముందు వైపుదీ అదే, మునుపటిదీ అదే. హిందీలోకి వెళ్లేసరికి రెంటిలో ముందు వైపుది ఒక్కటే మిగిలింది. ముందు ఇరుసుకు చక్రాలు పక్కలకు మళ్లుతాయి, స్టీరింగ్ కోసం. స్టీరింగ్ లేని బండికి వేస్తే ఏ చక్రం దారి దానిదే. అమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. "మంచిగైంది. ఎడ్లు చెట్లకాడికి పోతయ్, నేను ఎక్కడో ఉన్న దోర్నపాల్ పోత."

నేను నవ్వలేదు. తెలుగు మీద అలిగాను, నాయన మీద అలిగాను. ఏదో ఒక ఇరుసు చాలదా, పువ్వు రాలే రోజులు దగ్గరకొస్తున్నాయి అని గట్టిగానే అన్నాను. అప్పుడు చెప్పాడు కారణం. వాగు దాటాక దారి రెండు బండరాళ్ల నడుమ నుంచి పోతుంది. మొదటి జీపు సన్నది, రాళ్ల మధ్య నుంచి దూరిపోయేది. రెండోది వెడల్పు, ఏనాడూ పట్టలేదు. నాకు సిగ్గేసింది.

కంటికి చెప్పిన గడువు తీరగానే ఇద్దరం వెళ్లాం. ఈలోపు కబాడీ మొదటి జీపును కోసేశాడు. ఇరుసులన్నీ ఒక్కచోట కుప్ప పోశాడు. అన్నిటికీ ఒకే తుప్పు, ఒకే మట్టి. నా పని అయిపోయిందనుకున్నాను. నాయన మాత్రం తాపీగా, మధ్యలో ఉండే పళ్లచక్రాల గుండును ఒక్కోదానికీ తడుముతూ పోయాడు. మొదటి జీపుకు అది నట్టనడుమ ఉండదట, ఒక పక్కకు జరిగి ఉంటుందట. అలాంటివి రెండు దొరికాయి. ఆ రెంటిలో ఒకదానికి సుద్దతో గీతలు గీశాడు. ఒక పక్క చక్రం బిగించే డ్రమ్మును నేను కదలకుండా పట్టుకోవాలి. రెండో పక్కది రెండు చుట్లు తిరిగేలోపు గుండుకున్న ఫ్లాంజి, అంటే ఇంజను కడ్డీ తగిలించే బిళ్ల, ఎన్ని చుట్లు తిరిగిందో ఆయన లెక్కపెట్టాడు. నాలుగు దాటి కొంచెం. మన జీపుకు అయిదు దాటాలని పెదవి విరిచాడు. ఇంకోదానికి అయిదు దాటి కొంచెం వచ్చింది. అప్పుడు స్పానర్ అడిగి, గుండు కింద ఆయిల్ దింపే బోల్టు విప్పాడు.

బోల్టు మరలకు నల్లటి గుడ్డపేలిక చుట్టి ఉంది. దాన్ని కిరోసిన్‌లో నలిపి నా అరచేతిలో పెట్టాడు. మడత లోపల చిలకపచ్చ రంగు, సన్నటి ఎర్రంచు. ఆయిల్ కారకుండా ఆయన చుట్టిందే. ఆ రంగు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అమ్మ కొంగు అది. ఆ కుప్పల మధ్య నిలబడి నేను ఏడ్చాను, కబాడీ నీళ్లు తెప్పించాడు.

ఇంటికొచ్చాక పేలికను అమ్మకు చూపించాం. ఆమె వేలితో అంచు తడిమింది.

"ఇది నా పచ్చ చీర. మేక తిన్నదన్నవ్."

నాయన గోడ వంక చూశాడు.

"పాపం ఆ మేకను కట్టెతోని కొట్టిన గదయ్యా."

ఎడ్లకు బరువు తగ్గాలని గుండులోంచి పినియన్ పళ్లచక్రం తీసేసి, ఆ రంధ్రానికి రేకు మూత వేయించాడు నాయన. పైన చెక్కలు బిగించారు. అప్పటికే పువ్వు రాలడం మొదలై నాలుగు రోజులైంది. అయిదో రోజు తెల్లవారుజామున బండి కట్టాం. వాగు దాటి రాళ్ల దగ్గరికి వచ్చేసరికి నేను దిగి ముందు నడిచాను. రెండు పక్కలా నా చేయి దూరేంత సందు మిగిలింది, అంతే. బండి దాటింది. చెట్ల కింద నేలంతా పసుపుపచ్చగా ఉంది. అమ్మ దిగి, పీట వేసుకుని ఏరింది. ఒక్క ఆకు కూడా గంపలో పడనివ్వలేదు.

తిరిగి వచ్చేటప్పుడు నిండు గంపలు వెనక పెట్టాం. అమ్మ కూర్చోవడానికి చోటు చూపిస్తూ నాయన తన పక్కన చెక్కను తువ్వాలుతో తుడిచాడు.

"ముందటికి వచ్చి కూసో," అన్నాడు.

"నేను ముందటిదాన్నే గద," అంది అమ్మ, నా భుజం పట్టుకుని ఎక్కుతూ. "ఇంకెక్కడ కూసుంట."