అమ్మకు అచ్చిరాని రవ్వల కమ్మలు

మొన్న వైట్‌ఫీల్డ్‌లో మనవరాలు తన వజ్రపుటుంగరం కడిగించుకోవాలంటే తోడు వెళ్లాను. మసకబారిన ఆ రాయిని నగల దుకాణంలోని అమ్మాయి గోరువెచ్చని సబ్బునీళ్లలో ముంచి, మెత్తని బ్రష్షుతో అడుగువైపు తోమి చూపించింది. వజ్రానికి నూనె ఇట్టే అంటుకుంటుందట. పైనుంచి దిగిన వెలుతురు లోపలి పలకలకు తగిలి, రంగులుగా విడిపోయి మళ్లీ పైకి రావాలట. అడుగున జిడ్డు పట్టిందా, ఆ వెలుతురు అటే జారిపోతుందట. మనవరాలు మురిసిపోయింది. నాకు మాత్రం మా అమ్మ కమ్మలు గుర్తొచ్చాయి.

నా ఈడు వారికి గుర్తుండే ఉంటుంది, మా చిన్నప్పుడు వజ్రం కొనడమంటే పెళ్లిసంబంధం కుదుర్చుకున్నంత పని. చిక్కపేటలో బట్టల అంగడి నడిపే మా నాన్న, అమ్మ ఏళ్లుగా మనసుపడ్డ ఏడురాళ్ల రవ్వల కమ్మలను నగల షరాబు దగ్గర అడిగి ఇంటికి తెచ్చారు. వారం పాటు పెట్టుకుని చూడాలి, ఇంటికి మంచి జరిగితే ఉంచుకోవాలి, లేదంటే తిరిగి ఇచ్చేయాలి. ఆ వారమంతా స్నానానికైనా చెవుల నుంచి తీయకూడదు. తరాలు మారినా అరగని రాయి కదా, ఆడవాళ్లకు దానిమీద ఎంత మోజో పెద్దవాళ్లకు అంత భయం. మొదటిరోజు అమ్మ వంటింట్లో తిరుగుతుంటే గోడమీద రంగుల చుక్కలు పరుగెత్తాయి, నేను చేతులు చాపుకుని వాటివెంట తిరిగాను.

ఆ వారంలోనే దీపావళి వచ్చింది. అవ్వ, అంటే నాన్న తల్లి, అమ్మకు తలనిండా నూనె పెట్టి, సున్నిపిండితో రుద్ది తలంటు పోసింది. మర్నాటికల్లా కమ్మలు గాజుముక్కల్లా అయిపోయాయి. అదే రోజు నాన్నకు జ్వరం తగిలింది. ఇంకేముంది, అవ్వ మంచం పక్కన కూర్చుని, "రాళ్లల్లో కళ పోయుండాది, ఇవి మనకొద్దప్పా" అంది. అమ్మ కమ్మలు తీసి పళ్లెంలో పెట్టింది. అవి వెనక్కి వెళ్లాక నాన్న జ్వరం తగ్గడంతో ఇంటిల్లిపాదికీ నమ్మకం కుదిరిపోయింది. కుంకుడు రసంతో కడిగితే సరిపోతుందని తెలిసినవాళ్లు ఊళ్లో ఎంతమందో ఉన్నారు గానీ, మా ఇంట్లో వజ్రం అడుగుపెట్టడం అదే మొదలు.

తరువాత ఎవరడిగినా, "నాకు అచ్చిరాలేదు, ఎవరినేమనేది" అనేసి అమ్మ కెంపుల కమ్మలతోనే కాలం గడిపేసింది. నా పెళ్లికి అత్తవారు రవ్వల కమ్మలు తెచ్చినప్పుడు, తల్లే పెట్టాలని అందరూ పిలిచినా రాలేదు. పిన్నిని ముందుకు తోసి, తాను చేతులు కొంగులో చుట్టుకుని తలుపు దగ్గరే నిలబడింది. ఆ పూట అమ్మమీద నాకు కోపం వచ్చింది. తన చెయ్యి తగిలితే నా రాళ్లు కూడా చచ్చుబడతాయని, నా కాపురానికి కీడని ఆమె భయపడిందని చాలా ఏళ్లకుగానీ అర్థం కాలేదు.

ఇప్పటి పిల్లలు రాయి అచ్చొస్తుందా అని అడగరు, కడిగి పెట్టుకుని ఆఫీసులకు వెళ్లిపోతారు. మంచిదే. నీ చేతిలో ఏ దోషమూ లేదమ్మా, అది ఉత్త నూనె జిడ్డు అని చెప్పుకుందామంటే, మా అమ్మే లేదు.